ఒక్క పఫ్‌లో ఎంత మందు?

ఉబ్బసం మనిషిని సతాయిస్తుందే తప్ప చంపదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఇంగ్లండ్, వేల్స్‌ల మరణాల లెక్కలూ దశాబ్దాలపాటు అదే చెప్పాయి. 1959 తర్వాత ఆ లెక్క తప్పింది. 1966 నాటికి 5 నుంచి 34 ఏళ్లవాళ్లలో ఉబ్బసం మరణాలు సుమారు మూడు రెట్లయ్యాయి. 10–14 ఏళ్ల పిల్లల్లోనైతే దాదాపు ఎనిమిది రెట్లు.

ఈ చిక్కును లోతుగా తవ్విన పరిశోధకులు స్పైజర్, డాల్, హీఫ్. వీళ్లలో డాల్ అంటే, సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను బయటపెట్టినవాళ్లలో ఒకరైన రిచర్డ్ డాలే. మరణ ధ్రువపత్రాలు రాసే పద్ధతేమైనా మారిందా? మారలేదు. జబ్బే ఎక్కువమందికి వస్తోందా? అందుకూ ఆధారం లేదు. ఇక అనుమానించాల్సింది వైద్యాన్నే. స్టెరాయిడ్లు అంతకు ముందు నుంచే వాడకంలో ఉన్నాయి, అప్పుడు లెక్క పెరగలేదు. కొత్తగా వచ్చిందల్లా జేబులో పట్టే ఇన్‌హేలర్.

దాని పుట్టుక ముచ్చటైనదే. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్‌ను, ఉబ్బసమున్న ఆయన 13 ఏళ్ల కూతురు అడిగిందట, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా తన మందూ డబ్బాలో ఎందుకు రాకూడదని. అప్పటిదాకా రబ్బరు బుడ్డి నొక్కే గాజు నెబ్యులైజరే దిక్కు. పట్టుకు తిరగడం కష్టం, ఒక్కో నొక్కుకు ఒక్కోలా మందు వచ్చేది. మరుసటి ఏడాదే, ప్రతి నొక్కుకూ కొలిచినంతే వదిలే వాల్వుతో మెడిహేలర్ బజారుకొచ్చింది. 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో ఇలాంటి డబ్బాల వాడకం ఊపందుకుంది, డాక్టరు చీటీ లేకుండానే దొరికేవి.

ఉబ్బసంతో చనిపోయిన 184 మంది వివరాలు తీస్తే 84 శాతం మంది ఇన్‌హేలర్ వాడినవాళ్లే. అయితే ఏమిటి? జబ్బు ముదిరినవాళ్లే మందు ఎక్కువ వాడతారు కదా. 1967లో వైద్యులకు హెచ్చరిక వెళ్లింది, 1968లో చీటీ తప్పనిసరి చేశారు. అమ్మకాలు తగ్గాయి, వాటితోపాటే మరణాలూ తగ్గాయని ఇన్‌మన్, అడెల్‌స్టీన్ 1969లో చూపించారు. ఇది గట్టి ఆధారమే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. అమెరికాలోనూ ఇన్‌హేలర్లు బాగా అమ్ముడయ్యాయి, మరి అక్కడ మరణాలు ఎందుకు పెరగలేదు?

నా దృష్టిలో అసలు పరిశోధకుడు పాల్ స్టోలీ. అందరూ చావులు పెరిగిన దేశాలను తవ్వుతుంటే, ఆయన పెరగని దేశాన్ని పట్టుకున్నాడు. 1972లో ఆయన చూపించిన తేడా డబ్బా మీది ఒక్క మాటలో ఉంది: ‘ఫోర్టే’. మామూలు డబ్బాకన్నా ఒక్కో పఫ్‌లో దాదాపు ఐదు రెట్లు ఐసోప్రినలిన్ అనే మందు ఉన్న రకం అది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వేల్లో అమ్మారు, అక్కడ మరణాలు పెరిగాయి. అమెరికాలో దాన్ని అమ్మనేలేదు.

ఐసోప్రినలిన్ శ్వాసనాళాలను విప్పడంతో ఆగదు, గుండెనూ పరుగెత్తిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉన్నప్పుడు ఆ పరుగు ప్రమాదం. ఇంకో వాదనా ఉంది: డబ్బా ఇచ్చే తాత్కాలిక ఉపశమనాన్ని నమ్ముకుని రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారని. అదీ కొంత నిజమై ఉండొచ్చు. కానీ ఆ ధైర్యాన్ని మామూలు డబ్బా కూడా ఇచ్చింది కదా!

న్యూజిలాండ్‌లో ఈ కథ మళ్లీ జరిగింది. 1976లో ఫెనోటెరాల్ అనే మరో ఇన్‌హేలర్ మందు వచ్చింది, పఫ్‌కు 200 మైక్రోగ్రాములు. వెంటనే మరణాలు ఎగబాకాయి. 1989లో క్రేన్, పియర్స్, బీస్లీ బృందం లాన్సెట్‌లో ఆ మందును వేలెత్తి చూపింది. కంపెనీ తరఫు నుంచి, తోటి వైద్యుల నుంచి ఘాటైన అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం కట్టడి చేశాక వాడకం పడిపోయింది, మరణాలూ తగ్గాయి.

ఇప్పుడు మన మెడికల్ షాపుల్లో దొరికే ఆస్థాలిన్ ఇన్‌హేలర్‌లో ఉండేది సాల్బుటమాల్, పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. గుండె మీద దాని ప్రభావం ఐసోప్రినలిన్ కన్నా చాలా తక్కువ. అయినా 2019లో అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు రాసే గినా, పెద్దలకూ కౌమారదశ పిల్లలకూ ఒక్క సాల్బుటమాల్‌తోనే వైద్యం నడపొద్దని, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉండాలని చెప్పింది.