తుపాకుల పెట్టె, తాళంచెవి

మన్యం పితూరీ పాఠం చెప్పేటప్పుడు మేము కొండలు చెప్తాం, మిరపకాయ టపా చెప్తాం, దామనపల్లి ఘాటీ చెప్తాం. తుపాకులు అంతకుముందు ఎక్కడ ఉండేవి, ఎవరి తాళం కింద ఉండేవి అన్నది మాత్రం పాఠంలో రాదు. పిల్లలు అడుగుతారు: "సార్, మన వాళ్ళకి విల్లమ్ములే ఉండేవా? తుపాకీ ముట్టుకోవడం 1922లోనే తెలిసిందా?" కాదు. మన కొండల్లో మందు కూరి పేల్చే నాటు తుపాకీ అంతకు చాలా ముందు నుంచే ఉంది. పంట కాపలాకీ వేటకీ అది ఇంటి సామానే.

ఇంట్లో దాన్ని ఎలా దాచేవారో మా పెద్దలు చెప్పేవారు. తుపాకీ ఒక చోట, మందు ఒక చోట. తుపాకీ పొయ్యికి పైన, అటక మీద. పొగ తగిలే చోట చెద పట్టదు, వాన కాలంలో ఇనుముకు చెమ్మ అంటదు. గొట్టానికి నూనె గుడ్డ రాసి పెడతారు. మందు మాత్రం పొయ్యి దరిదాపుల్లోకి రాకూడదు. దాన్ని ఎండిన ఆనపకాయ బుర్రలోనో కొమ్ములోనో పోసి, బిరడా బిగించి, వేరే మూల పిల్లలకు అందని ఎత్తున వేలాడదీస్తారు. చదువు లేని వాళ్ళ పద్ధతి అని నవ్వేవాళ్ళకి ఒక్క మాట: తుపాకీని, మందుగుండును విడివిడిగా దాచాలని ఇవాళ పట్నం వాళ్ళకు నేర్పే జాగ్రత్త కూడా ఇదే.

కొంచెం కలిగిన ఇళ్ళలో, ముఠాదారుల ఇళ్ళలో, పొడవాటి చెక్క పెట్టె ఉండేది. నాటు తుపాకీ మనిషి భుజం దాకా వస్తుంది కాబట్టి మామూలు భోషాణంలో పట్టదు. సన్నగా, బారుగా ప్రత్యేకంగా చేయించాలి. పచ్చి చెక్క పనికిరాదు. పచ్చి చెక్కలో ఉన్న చెమ్మ ఇనుముకు చేరి నెలల్లో తుప్పు పట్టిస్తుంది. అందుకని పలకలు కోసి, నీడలో ఒక ఏడాది ఆరనిచ్చాక పని మొదలు. టేకు గానీ వేగిస గానీ. లోపల గొట్టానికి ఒకటి, మడమకు ఒకటి, గాడి చెక్కిన రెండు అడ్డచెక్కలు. తుపాకీ వాటి మీద ఆనాలి, అడుగు పలకకు తగలకూడదు. పెట్టెను నేల మీద పెట్టరు, రాళ్ళ మీద ఎత్తి పెడతారు. గొళ్ళెం, తాళంకప్ప సంతలో కొనేవే.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. ఆ పెట్టెలో రెండే వస్తువులు: చెక్క, ఇనుము. నాలుగేళ్ళ తేడాతో రెండింటి మీదా చట్టం పడింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో రిజర్వు గీతలు మన కొండల మీదికి పాకాయి, పోడుకి అడ్డం పడ్డాయి, చెట్టు కొట్టడం నేరమైంది. తాత చేయించిన పెట్టె లాంటిదే మనవడు చేయించాలంటే పలకకు ఒక కచేరీ, తుపాకీకి ఇంకో కచేరీ. రెండు చోట్లా చేతులు తడపాలి. ఈ రెండు చట్టాల మధ్యలోనే, 1879 మార్చిలో, రంప పితూరీ లేచింది. చిగురు పన్ను, కల్లు మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు, మున్సబుదారు దౌర్జన్యం, కోర్టుల పేరుతో షావుకార్ల మోసం దానికి కారణాలు. దాన్ని అణచడానికి ప్రభుత్వం వందల మంది పోలీసులు చాలక ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లను దింపింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య 1880లో ప్రాణాలు కోల్పోయారు.

ఈ ఆయుధాల చట్టం అందరి మీదా ఒకేలా పడలేదు. కొడగు కొండల్లోని కొడవలకు 1861లోనే ఇంగ్లీషు అధికారి మార్క్ కబ్బన్ మినహాయింపు ఇచ్చాడు, 1857లో వాళ్ళు కుంపిణీ పక్షాన నిలబడ్డారని. ఆ మినహాయింపు నేటికీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. కైల్ పోళ్ద్ పండగ నాడు వాళ్ళు ఇంటి తుపాకులను శుభ్రం చేసి, పూలు పెట్టి పూజిస్తారు. వాళ్ళ పండగ మీద మాకు అసూయ లేదు. కొండ మనిషి చేతిలో తుపాకీ ఉంటే ప్రమాదమన్న వాదన మాత్రం నిజం కాదని అది చూపిస్తోంది. ఎవరి కొండ మనిషి అన్నదే లెక్క.

1922 నాటికి మన్యంలో తుపాకులు దండిగా ఉన్న పెట్టెలు ఠాణాల్లోవే. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు. గాం గంటందొర, గాం మల్లుదొర, వందల మంది కొండ జనం అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. మొత్తం 26, రెండున్నర వేలకు పైగా తూటాలు. రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను కూడా విడిపించారు. ఏమేం తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం పెట్టడం మన ఊళ్ళలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. దోపిడీదారుడు రసీదు ఇవ్వడు. తరగతిలో ఈ ఒక్క సంగతి మీద ఒక పీరియడ్ ఖర్చు పెట్టవచ్చు.

26 అంటే ఎంత? వందల మందికి 26 తుపాకులు. మిగతా వాళ్ళ చేతుల్లో విల్లమ్ములు, ఈటెలు, ఆ అటక మీది నాటు తుపాకులే. నాటు తుపాకీ ఒకసారి పేల్చి మళ్ళీ కూరేలోపు, ఠాణా తుపాకీ ఎన్నోసార్లు పేలుతుంది. తూటాలు కొండల్లో తయారు కావు, అయిపోతే అయిపోయినట్టే. ప్రభుత్వానికి ఈ లెక్క త్వరగానే అర్థమైంది. అక్టోబరు 15న అడ్డతీగల మీదికి, 19న రంపచోడవరం మీదికి వెళ్ళినప్పుడు అక్కడ తుపాకులు దొరకలేదు, ముందే దాటించేశారు. ఖాళీ పెట్టె కూడా ఒక ఆయుధమేనని అప్పుడు తేలింది. తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర తగిలిన దెబ్బతో మనుషులూ తుపాకులూ కూడా తగ్గిపోయాయి. 1924 మే 7న రాజును చంపారు, జూన్‌లో గంటందొరను.

స్వాతంత్ర్యం తర్వాత 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. పంట కాపలా కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఆ సంగతి మన రైతుల్లో చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం అభయారణ్యం లోపల గానీ దానికి పది కిలోమీటర్ల లోపు గానీ ఉండే లైసెన్సుదారు మళ్ళీ పేరు నమోదు చేయించుకోవాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోవడం మామూలు.

లైసెన్సు లేని పాత తుపాకీ ఇంట్లో దొరికితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ముత్తాత వేట తుపాకీ అన్న మాట ఎవరూ వినరు, అడవిలో వాళ్ళకి సంబంధం అంటగడతారు. అందుకే పెద్దలు అటక సంగతి మాట్లాడడం మానేశారు, పెట్టెలు పగలగొట్టి పొయ్యిలో పెట్టారు. ఈ భయం వల్ల ఒక పనితనం, దాని మాటలు, కొలతలు, రెండు తరాల్లో మాయమవుతున్నాయి.

టీచర్లకు మా మనవి ఇది. పిల్లలతో ఈ జ్ఞాపకాలు సేకరింపజేయండి, కానీ "మీ ఇంట్లో తుపాకీ ఉందా" అని మాత్రం అడిగించకండి. పెట్టె ఏ చెక్కతో చేసేవారు, ఎన్ని మూరలు ఉండేది, మందు బుర్రను ఏమనేవారు, తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గర ఉండేది అని అడిగించండి. ఊరి పేరు రాయించండి, ఇంటి పేరు వద్దు. మొదట ముసలమ్మలను అడగండి, పొయ్యి పక్కన కూర్చున్నది వాళ్ళే.