చిన్నతాత పెళ్ళి, ఎన్టీఆర్ పెళ్ళి

పోయిన నెల మా మేనత్తని హైదరాబాద్ బసవతారకం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పనయ్యాక సినిమావాళ్ళ ఇళ్ళు చూస్తానంటే ఆటోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా ఫిల్మ్‌నగర్ దాకా తిప్పాను. పెద్ద పెద్ద గేట్లు తప్ప ఏం కనపడలేదు. అక్కినేని 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచిన రోజుల్లో ఈ వైపంతా రాళ్ళగుట్టలని చెప్పబోతే అత్త విన్లేదు. "పెళ్ళాం పేరు మీద అంత ఆసుపత్రి తలపెట్టిన మనిషి, డెబ్బయ్యేళ్ళకి మళ్ళీ పెళ్ళెందుకు చేసుకున్నాడ్రా?" అంది.

ఈ ప్రశ్న మా ఇంట్లో 1993 నుంచీ ఉంది. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

మా చిన్నతాతకి భార్య పోయాక కొడుకులిద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకటో తారీకు నుంచి పదిహేను దాకా పెద్దాడింట్లో భోజనం, పదహారు నుంచి ముప్పై దాకా చిన్నాడింట్లో. ముప్పై ఒకటో తారీకు ఎవరిదో తేల్లేదు. ఆ రోజు ఆయన సెంటర్లో హోటలుకి పోయి ఇడ్లీ తినేవాడు. ఫిబ్రవరి వస్తే చిన్నకోడలికి రెండ్రోజులు లాభం, దాని మీద పెద్దకోడలి పేచీ!

రామారావు గారి సంగతి మీకు తెలిసిందే. బసవతారకం గారు 1985లో పోయారు. పన్నెండుమంది పిల్లలు. 1993లో తిరుపతిలో 'మేజర్ చంద్రకాంత్' సభలో, తన జీవితచరిత్ర రాయడానికి వచ్చిన లక్ష్మీపార్వతి గారిని పెళ్ళాడుతున్నానని అందరి ముందూ చెప్పేశారు. పిల్లలకి నచ్చలేదు. 1994 డిసెంబర్లో జనం గెలిపించారు, 1995 ఆగస్టులో పదవి పోయింది, 1996 జనవరిలో మనిషే పోయాడు. తప్పెవరిదన్న తగవు ఇక్కడ వద్దు, దండం పెడతా.

ఆ పేపరు చదివిన వారానికే చిన్నతాత తన సంగతి బయటపెట్టాడు. అప్పటికి ఆయనకి అరవై ఏడు. పక్కూళ్ళో పిల్లల్లేని వితంతువు, యాభై ఏళ్ళావిడ. "రామారావు చేసుకోగా లేంది నాకొచ్చిందా?" అన్నాడు. పెద్దకొడుకు, "ఆయనకేం, ఎన్ని ఆస్తులో! నీకున్నది మూడెకరాలు" అన్నాడు. అసలు బాధ ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది.

ఊళ్ళో ఆయనకి 'లుబ్ధావధాన్లు' అని పేరెట్టారు. 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాలో ఆ ముసలి పెళ్ళికొడుకు వేషం గోవిందరాజుల సుబ్బారావుది. వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచే గిరీశం ఎవరనుకున్నారు? ఎన్టీఆరే! కానీ 1892లో గురజాడ వారు ఆ నాటకం ఆడించింది చిన్నపిల్లల్ని డబ్బుకి ముసలాళ్ళకి కట్టబెడుతున్నారని. యాభయ్యేళ్ళావిడ తన ఇష్టంతో చేసుకునేదానికీ దానికీ పోలికేంటి? నిజానికి మా చిన్నతాత చేసింది 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదలెట్టిన పని. ఊరు మాత్రం లుబ్ధావధాన్లు అంది. నేనూ నవ్వాను, అప్పుడు నాకు ఇరవై మూడు.

పొలం సంగతి. మొదటి భార్య పోయాక చేసుకున్న భార్యకి, 1956 చట్టం ప్రకారం, మొగుడి స్వార్జితంలో పిల్లలతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితంలో పెళ్ళికాని ఆడపిల్లకి కొడుకుతో సమానమని 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా మన రాష్ట్రంలో చట్టం తెచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వమే. మగపిల్లలు అప్పుడూ సణిగారు.

చిన్నతాత పెళ్ళి గుళ్ళో పది మంది మధ్య అయింది. కొడుకులు రాలేదు, కూతురొచ్చింది. ఇంకో పదకొండేళ్ళు బతికాడు. పెళ్ళెందుకు తాతా అని ఒకసారి అడిగితే, "ముప్పై ఒకటో తారీకు అన్నం పెట్టే మనిషి కావాలిరా" అన్నాడు.

ఆటోలో అత్తకి ఇదే గుర్తుచేశా. నవ్వలేదు. తను కూడా ఇప్పుడు ఇద్దరు కొడుకుల మధ్య వంతుల్లోనే ఉంది. ఈమధ్య హైదరాబాద్‌లో పెద్దవయసు వాళ్ళకి తోడు వెతికిపెట్టే 'తోడు నీడ' అనే సంస్థ ఉందని చెప్తే మాత్రం, "నోర్ముయ్" అని నెత్తిన ఒకటిచ్చింది.

మూడెకరాలూ నాలుగు వాటాలయ్యాయి, ముక్కాలెకరం చొప్పున. నాయనమ్మ వాటా ఇప్పుడు పెద్దబాబాయే కౌలుకి చేస్తున్నాడు. కౌలు బస్తాలు ఆమె ఇంటికి తోలేది నేనే, ట్రాక్టరు నాది కాబట్టి.