చెమటకు కొలత

మూడు ప్రక్కల కొండలు, నాలుగవ ప్రక్క సముద్రము గల యారాడలో వేసవి ఉక్కను గురించి ఎవరికిని వేరుగా చెప్పనక్కరలేదు. గాలిలో తేమ నిండినప్పుడు చెమట పోస్తుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. డాల్ఫిన్ నోస్ కొండకు ఈవల 1933లో ప్రారంభమైన రేవులో బరువులు మోసినవారికీ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడిని భరించినవారికీ ఇది అనుభవైకవేద్యం. అయితే పోయిన చెమట ఎంత? దానితో పోయిన ఉప్పు ఎంత? ఈ ప్రశ్నకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

ఇటలీలోని పాడువా నగర వైద్యుడు శాంటోరియో త్రాసుకు వ్రేలాడదీసిన కుర్చీలో కూర్చుండి, తిన్నదీ త్రాగినదీ విసర్జించినదీ తూచి చూచినాడు. లెక్క సరిపోలేదు. ఆహారపానీయాలలో సగానికి మించిన బరువు కంటికి కానరాకుండ శరీరాన్ని విడిచిపోతున్నదని 1614లో తన గ్రంథంలో ప్రకటించినాడు.

తూకం బరువును చెప్పినది. ఉప్పు సంగతి చెప్పలేదు. ఆ రహస్యం 1920 తరువాత ఇంగ్లండు బొగ్గుగనులలో బయటపడినది. వేడిలో పనిచేసి, వట్టినీరు విస్తారంగా త్రాగిన కార్మికుల కండరాలు కొంకర్లు పోవడానికి కారణం ఉప్పు తరిగిపోవడమేనని మాస్ అనే పరిశోధకుడు చూపినాడు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ త్రాగి పొలానికి పోయే మన రైతుకు ఈ మందు క్రొత్తది కాదు.

చెమట వైద్యునికి సాక్ష్యమైనది 1953లో. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టువ్యాధి గల పిల్లల చెమటలో ఉప్పు అధికమని న్యూయార్క్ వైద్యులు కనుగొన్నారు. 1959లో గిబ్సన్, కుక్ అనువారు స్వల్ప విద్యుత్తు సాయంతో మందును చర్మంలోకి పంపి, అక్కడ చెమట పుట్టించే పద్ధతిని స్థిరపరచినారు. నేటికిని ఆ వ్యాధిని నిర్ధారించేది చెమట పరీక్షయే.

రంగు గాఢతను బట్టి దేహద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు చర్మానికి అంటించే చెమటపట్టీలు కొన్ని రంగుతోనే ఫలితం తెలుపుతాయి. 2016లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు చేతికి, నుదుటికి కట్టుకొనే పట్టీతో సోడియం, పొటాసియం, చక్కెర, లాక్టేటులను ఏకకాలంలో కొలిచినారు. 2021 నాటికి క్రీడాకారుల కోసం ఇటువంటి పట్టీ అమెరికా అంగళ్ళకు వచ్చినది.

అయినను వీటి శక్తికి హద్దున్నది. చెమటలోని చక్కెర అత్యల్పం. చెమట పోసే వేగాన్ని బట్టి అది మారుతుంది. కనుక రక్తపరీక్షను మానవచ్చునని ఎవరును తలచరాదు. నీరు, ఉప్పుల లెక్కకే ఇవి మిక్కిలి తగినవి.

ఆ లెక్క అవసరం ఆటగానికంటె కొలిమి ముందు నిలిచేవానికే హెచ్చు. ఆటగాడు అలసిన క్షణాన ఆగగలడు; పనివాడు ఆగవలెనంటే మరొకరి అనుమతి కావలె. చెమట కొలత ఆ మనిషికి నీరు, నీడ, విరామం సంపాదించి పెట్టవలెనే గాని, ఇంకెంత పని పిండవచ్చునో చెప్పే త్రాసు కారాదని మేము భావిస్తున్నాము.