కోత లేకుండా కోతి పిండం

1995లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం రీసస్ కోతి పిండ మూలకణాలను వేరుచేసిన కథను అందరూ కల్చర్ గిన్నె దగ్గరే మొదలుపెడతారు. గిన్నెలోకి ఆ పిండం ఎలా వచ్చిందో అడిగేవారు తక్కువ. అండం విడుదలైన ఆరో రోజున, పొట్ట కోయకుండా, గర్భాశయాన్ని కడిగి తీశారు. ఆ నేర్పే లేకపోతే ఆ మూలకణాలు అప్పుడు దక్కేవి కావని నా వాదన.

బాల్టిమోర్ కార్నెగీ సంస్థలో హార్ట్‌మన్, స్ట్రీటర్ తదితరులు 1920ల నుంచే కోతి పిండాలను సేకరించారు. వాళ్లకు కత్తి తప్ప దారి లేదు.

ఆ తర్వాతి మలుపు, అంటే కోత లేకుండా కడిగి తీయడం, పశువైద్యం ఇచ్చిన వరమంటారు. 1970ల్లోనే ఆవులకు ఈ పద్ధతి వచ్చిన మాట నిజమే. కానీ రీసస్ గర్భాశయ కంఠం మెలికలు తిరిగి ఉంటుంది. కోతికి మత్తిచ్చి, ఒక చేత్తో పొట్టమీదుగా గర్భాశయాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సన్నని గొట్టాన్ని ఒక్కో మెలికా దాటించాలి. లోపలికి పంపిన ద్రవం తిరిగొచ్చాక మైక్రోస్కోపు కింద వెతకాలి. ఇంతా చేస్తే దొరికేది సాధారణంగా ఒకే పిండం, అదీ దొరికితే.

ఇంత శ్రమకు ఓర్చుకోవడానికి కోతుల కొరతే ముఖ్య కారణమని నా అభిప్రాయం. 1950ల్లో పోలియో టీకా పనికి ఏటా లక్షకు పైగా రీసస్ కోతుల్ని పంపిన భారత్, 1978 ఏప్రిల్ నుంచి ఎగుమతి నిషేధించింది. ఇక ప్రతి ఆడకోతీ విలువైనదే. అయితే ఈ వాదనకు చిక్కులున్నాయి. 1980లో పోప్, బెక్ అనే పరిశోధకులు కోత లేకుండా పిండం తీయడంలో విజయం సాధించింది ఆఫ్రికా బబూన్‌లో. దానికి మన నిషేధంతో నేరుగా సంబంధం లేదు, దాని గర్భాశయ కంఠం కాస్త తిన్నగా ఉండడం కలిసొచ్చింది. రీసస్‌లో లూసియానా పరిశోధకుల ఫలితం 1990లో గానీ వెలువడలేదు. కొరత తొందరపెట్టింది, దారి మాత్రం చూపలేదు. 1993లో విస్కాన్సిన్‌లో హెర్న్, తర్వాత బెంగళూరులో పనిచేసిన శేషగిరి తదితరులు రీసస్‌లో ఏడాది పొడవునా పిండాలు తీయవచ్చని చూపారు. మరుసటి ఏడు మార్మోసెట్ అనే చిన్న కోతి వంతు.

ఇప్పుడు హార్మోన్లిచ్చి అండాలు తీసి గిన్నెలోనే ఫలదీకరణ చేస్తున్నారు. 2019లో చైనా శాస్త్రవేత్తలు అలాంటి పిండాలను ఇరవై రోజుల వరకూ పెంచారు. సంఖ్య పెరిగింది, సంతోషమే. కానీ గిన్నెలో పెరిగింది సహజంగా ఉందో లేదో తేల్చడానికి ఒంట్లో పెరిగిన పిండమే కొలబద్ద. దాన్ని తీసే నేర్పును వదులుకోవడం తప్పు. అలాగని కోత లేనంత మాత్రాన కోతికి బాధ లేనట్టు కాదు. మళ్లీ మళ్లీ మత్తు, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు. ఒక్కో కోతిని ఎన్నిసార్లు కడిగారో, ఆ తర్వాత అది మామూలుగా ఈనిందో లేదో ప్రతి ప్రయోగశాలా తన నివేదికలో రాయాలి.