పెరీనియం మర్దన
యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉండే కండరభాగం పెరీనియం. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు బాగా సాగేది, తరచూ చిరిగేది ఇదే. దాన్ని సాగుడుకు అలవాటు చేయడానికి గర్భం సుమారు 35వ వారం నుంచి ఈ మర్దన చేస్తారు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, కొబ్బరినూనె వంటిది రాసుకోవాలి. బొటనవేళ్లను 3, 4 సెంటీమీటర్లు లోపలికి పెట్టి కిందికీ పక్కలకీ మెల్లగా ఒత్తాలి. కొద్దిపాటి మంట మామూలే, నొప్పి పుడితే ఆపేయాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

ఈ మర్దన వల్ల తొలిచూలు తల్లుల్లో కుట్లు పడే గాయాలు, కాన్పు సమయంలో పెరీనియానికి పెట్టే ఎపిసియాటమీ కోత కొంత తగ్గుతాయి. ఆ కోతను అందరికీ అలవాటుగా పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. కాబట్టి ఈ తేలికైన పద్ధతిని ప్రతి గర్భిణికీ ముందే నేర్పడం న్యాయం. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, మాయ కిందికి ఉన్నా, యోనిలో ఇన్ఫెక్షన్ ఉన్నా చేయకూడదు.