పల్లేరు ముల్లు, పాత సైకిలు

పాలమూరు చేలగట్ల మీద, నల్లగొండ రోడ్ల అంచుల్లో పల్లేరు పాకుతుంది. దాని కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దానికి పెట్టుకున్న ఒక పేరుకు అర్థం ‘పంక్చరు తీగ’. మూలన పడున్న పాత రేసు సైకిలు దులిపి, రోజూ ఆఫీసుకు తొక్కాలనుకునే కొత్తవారికి మొదటి పరీక్ష ఆ ముల్లే.

ముల్లు గుచ్చుకోవాలంటే ముందు గాలి టైరు పుట్టాలి. ఒకప్పుడు సైకిలు చక్రానికి గట్టి రబ్బరే ఉండేది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యం చేసే జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడుచక్రాల బండి రాళ్లబాట మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేకపోయాడు. పలుచటి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు పొందాడు. అయితే 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ ఇదే ఊహకు పేటెంటు తీసుకున్నాడని తేలడంతో డన్‌లప్ హక్కు చెల్లలేదు. టైరు మాత్రం నిలిచింది. 1891లో మిషలిన్ సోదరులు సులువుగా విప్పి తొడిగే టైరు తెచ్చారు. మన మిస్త్రీ ట్యూబు బయటికి తీసి, నీళ్లలో ముంచి, బుడగ వచ్చినచోట ప్యాచ్ వేయగలుగుతున్నది అలాంటి టైరు వల్లనే.

గేర్ల కథ మరోలా సాగింది. ఫ్రాన్సులోని సెంటెతియెన్‌లో పాల్ ద వీవీ అనే ఆయన ‘వెలోసియో’ పేరుతో సైకిలు పత్రికలో రాసేవాడు. కొండదారుల్లో తాను తొక్కి చూసి, గేర్లు మార్చుకుంటే మామూలు మనిషి కూడా ఎత్తు ఎక్కగలడని వాదించాడు. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆంరి దెగ్రాంజ్‌కు అది గిట్టలేదు. చైను ఒక పళ్లచక్రం నుంచి మరో దాని మీదికి జరిగే డిరేలర్‌ను ఆ పందెంలో పోటీదారులందరికీ అనుమతించింది 1937లో.

టైరు గానీ, గేరు గానీ పందేల కోసం పుట్టలేదు. రోజూ దారిలో పడే ఇబ్బందిలోంచే పుట్టాయి. అందుకే పాత రేసు సైకిలును ఆఫీసు బండిగా మార్చుకోవడం దాని పరువు తీయడం కాదు.

మొదట బ్రేకులు చూడండి. ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. అల్యూమినియం రిమ్ము చాలా మెరుగు. రిమ్ము మార్చేటప్పుడు కొలత మరవద్దు. పాత 27 అంగుళాల చక్రంలో టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సీ అనే కొలత చక్రంలో 622. ఒకదాని టైరు మరోదానికి ఎక్కదు. 27 నుంచి 700సీకి మారిస్తే బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి అందాలి. తర్వాత ఫ్రేములో పట్టినంత వెడల్పు టైరు, లోపల ముల్లును ఆపే పొర ఉన్నది వేయించండి. తక్కువ గాలితోనే నడుస్తుంది, కుదుపు తగ్గుతుంది. మన ఎత్తుపల్లాలకు వెనక పెద్ద పళ్లచక్రమున్న ఫ్రీవీల్ కావాలి. చివర మడ్‌గార్డు, క్యారియర్, లైటు.

ఫ్రేము వంగకుండా, పగుళ్లు లేకుండా ఉంటే కొత్తది కొనే ముందు ఆ పాత సైకిలును ఒకసారి మీ ఊరి మిస్త్రీ దగ్గరికి నడిపించుకెళ్లండి.