డిస్కు హద్దులు - వాని తగవులు

పొలమునకు గట్టు ఉండుట ఎంత సహజమో, కరణముగారి లెక్కలో ఆ గట్టునకు కొలత ఉండుటయు అంత అవసరము. గట్టు ఒకచోట, లెక్క వేరొకచోట ఉన్ననాడు అన్నదమ్ములు కచ్చేరి మెట్లు ఎక్కుదురు. ఆంధ్రదేశమున కరణీకములు 1984లో రద్దయినవి గాని, ఆ తగవు మాత్రము మన యిండ్లలోని కంప్యూటర్ల కడుపులో నేటికిని జరుగుచునే యున్నది. హార్డ్ డిస్కును 'సి' అనియు 'డి' అనియు భాగములుగా పంచుకొందుము. కొన్నాళ్ళకు 'సి' క్రిక్కిరిసిపోవును, 'డి' బీడు పడియుండును. గట్టు కొంచెము జరుపుదమని పూనుకొన్నప్పుడు యంత్రము ఏదో తప్పు చూపి నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు మరునాడు నల్లని తెర తప్ప మరేమియు కానరాదు. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు, ఇంటి లెక్కలు అన్నియు అందులోనే! అట్టి వేళ భయపడి డిస్కును మొత్తముగా చెరిపివేయువారు పెక్కుమంది. నిజమునకు లోపలి సరకు చాల సందర్భములలో చెక్కుచెదరక యుండును. చెడినది లెక్క మాత్రమే. ఆ లెక్క ఎట్లు పుట్టినదో, ఏల చెడుచున్నదో, దానిని నిపుణులు ఎట్లు సరిచేయుచు వచ్చిరో శ్రోతలకు మనవి చేయుదుము.

మొదట పంచుకొనదగిన ఆస్తియే లేదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రపు డిస్కు, 24 అంగుళముల పళ్ళెములు 50 కలిగియుండియు, సుమారు 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెడిది. బల్లమీది కంప్యూటరులో హార్డ్ డిస్కును ఆ సంస్థయే 1983 మార్చిలో పి.సి. ఎక్స్.టి. అను నమూనాతో అందించెను. దాని పరిమాణము 10 మెగాబైట్లు. నేటి ఫోనుతో తీసిన రెండు మూడు ఫొటోలకు సరి. దానితోపాటు వచ్చిన డాస్ 2.0 లో ఎఫ్‌డిస్క్ అను పనిముట్టు ఉండెను. ఒకే డిస్కుపై వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములు కాపురముండునని తలచి, డిస్కును నాలుగు భాగముల వరకు పంచుటకు వీలు కల్పించిరి.

ఆ పంపకపు దస్తావేజు డిస్కు మొట్టమొదటి సెక్టారులో ఉండును. సెక్టారు 512 బైట్లు. అందు 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు చిన్న ప్రోగ్రామునకు, 64 బైట్లు భాగముల పట్టికకు, కడపటి రెండు బైట్లు ముద్రకు కేటాయించిరి. పట్టికలో నాలుగు వరుసలు. వరుసకు 16 బైట్లు. ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు ఎక్కడనగా, ప్రతి భాగపు కొలతను రెండు విధములుగా వ్రాసిరి. సిలిండరు, తల, సెక్టారు అను మూడంకెలతో మొదలు తుద చెప్పుట ఒకటి; మొదటినుండి లెక్కించిన సెక్టారు సంఖ్యయు, మొత్తము సెక్టార్ల సంఖ్యయు చెప్పుట రెండవది. ఒకే చేనికి గొలుసులలో ఒక కొలత, అడుగులలో ఇంకొక కొలత వ్రాసినట్లయినది. రెండు కొలతలు వ్రాసిన చోట ఏనాటికైనను అవి పొసగకపోవునని చెప్పుటకు గొప్ప సర్వేయరు అక్కరలేదు.

మూడంకెల పద్ధతికి మరొక దోషము కలదు. అందు సిలిండర్లు 1024 కు మించరాదు. సెక్టార్లు 63 కు మించరాదు. ఆనాటి డిస్కు ప్రమాణము తలలను 16 కు పరిమితము చేసినందున, మొత్తము 52 కోట్ల 84 లక్షల బైట్ల వద్ద దారి మూసికొనిపోయెను. 1990ల నడిమిని డిస్కులు ఆ హద్దు దాటగా, బయాస్ అను మూలప్రోగ్రాము ఒక మాయ పన్నెను. డిస్కునకు 16 తలలకు బదులు 255 ఉన్నవని పై ప్రోగ్రాములతో బొంకుట మొదలిడెను. దానితో హద్దు 842 కోట్ల బైట్లకు జరిగెను. ఏ డిస్కులోను 255 తలలు లేవు, ఉండవు. 256 అనక 255 అనుటకు కారణము, 256 అన్నచో డాస్ తడబడుటయే! ఈ బొంకునకు మర్యాదగా 'జ్యామితి అనువాదము' అని పేరు పెట్టిరి. బొంకు చెప్పినవాడు దానిని తుదివరకు జ్ఞాపకముంచుకొనవలెను గదా. ఆ కథ ముందు వచ్చును.

ఆ రోజులలో గట్టు జరుపుట అనగా ఇల్లు ఖాళీచేయుటయే. సమస్తమును ఫ్లాపీలకు ఎత్తి, పాత భాగమును తుడిచి, కొత్తది గీసి, ఫార్మాటు చేసి, తిరిగి దింపుకొనవలెను. 100 మెగాబైట్ల సరకునకు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు సుమారు 70 కావలెను. అందొకటి చెడిన శ్రమ యంతయు వ్యర్థము. 1990ల తొలినాళ్ళలో ఆర్నో షేఫర్ వ్రాసి ఉచితముగా పంచిన ఫిప్స్ అను చిన్న ప్రోగ్రాము ఈ బాధ కొంత తీర్చినది. లినక్సునకు చోటు కావలసినవారు దానిని ఎక్కువగా వాడిరి. ముందు సరకునంతను డిస్కు మొదటివైపునకు జరిపించి, ఖాళీయైన వెనుక భాగమును ఇది కోసి వేరుచేసెడిది. మాకు దానియందు నచ్చిన గుణము ఒకటి కలదు: పట్టికను ముట్టుటకు ముందు పాత పట్టిక నకలును ఫ్లాపీపై దాచి, వికటించినచో తిరిగి పెట్టుటకు వేరుగా ఒక ప్రోగ్రామును సైతము ఇచ్చెను. తరువాత పవర్‌క్వెస్ట్ సంస్థవారి పార్టిషన్ మ్యాజిక్ బొమ్మలు చూపుచు ఈ పనిని సామాన్యుని చేతికి తెచ్చినది. 1990ల చివర ఆండ్రూ క్లాసెన్, లెన్నర్ట్ బ్యూటెన్‌హెక్ అనువారు మొదలుపెట్టిన పార్టెడ్, ఉచిత సాఫ్ట్‌వేరు లోకమున ఆ స్థానము నొందెను.

ఇక తప్పుల స్వభావము చూతము. పట్టిక చెప్పునది భాగపు వెలుపలి హద్దు. లోపల ఫైల్ సిస్టము తన పరిమాణమును తనయంతట తాను మరియొకచోట వ్రాసికొనియుండును. ఒకటి గట్టు, రెండవది చేనిలోని పైరు. కావున భాగమును చిన్నది చేయునప్పుడు ముందు ఫైల్ సిస్టమును ముడిచి, పిమ్మట హద్దు జరుపవలెను. పెద్దది చేయునప్పుడు ముందు హద్దు జరిపి, పిమ్మట ఫైల్ సిస్టమును పరచవలెను. ఈ వరుస తప్పిన, పైరు గట్టు దాటి పొరుగువాని చేనిలో పడును. లినక్సులోని తనిఖీ ప్రోగ్రాము అప్పుడు 'ఫైల్ సిస్టము లెక్క ప్రకారము ఇన్ని బ్లాకులు, పరికరము లెక్క ప్రకారము ఇన్ని బ్లాకులు. రెంటిలో ఏదో ఒకటి చెడియుండును' అని చెప్పి ఆగును. దీనికి బెదరి మరమ్మతు బొత్తాము నొక్కరాదు. హద్దు పొరపాటున కుదించబడియుండిన యెడల, దానిని మొదటి చోటికి తిరిగి జరుపుటయే చికిత్స. పొరుగు భాగము ఆ మేర ఏమియు వ్రాయకున్నంతవరకు సరకు అక్కడనే యుండును. విండోస్ భాగమును జరుపబోవు పరికరము కొన్నియెడల మొండికెత్తి పని నిరాకరించును. అదియు మన మేలుకొరకే. విండోస్ 8 నాటినుండి, అనగా 2012 నుండి, కంప్యూటరును ఆపినను అది పూర్తిగా ఆగక సగము నిద్రలో ఉండు ఏర్పాటు వచ్చినది. నిద్రించువాని మంచము కోయరాదు. ఆ ఏర్పాటును తొలగించి, చెక్‌డిస్క్‌తో తప్పులు సరిచేయించి, పూర్తిగా ఆపిన పిమ్మట అదే పని సాఫీగా సాగును.

2004 నాటి యుదంతము ఈ చరిత్రలో కొంత నిలిచి చూడదగినది. అంతకు కొలది నెలలముందు, 2003 డిసెంబరులో, లినక్సు కెర్నెల్ 2.6 వెలువడెను. బయాస్ చెప్పు జ్యామితిని ఊహించి చెప్పు పనిని అందు మానివేసిరి. డిస్కులన్నియు సెక్టారు సంఖ్యతోనే నడచుచుండగా ఆ పాత బొంకును మోయనేల అని కెర్నెల్ రచయితల వాదము, అది సమంజసమే. 2004 మే నెలలో ఈ కెర్నెల్‌తో ఫెడోరా కోర్ 2 వచ్చినది. దాని స్థాపన ప్రోగ్రాము పార్టెడ్ సాయముతో పట్టికను తిరుగ వ్రాయునప్పుడు, విండోస్ వరుసలోని మూడంకెల కొలతను 255 తలల లెక్కకు బదులు 16 తలల లెక్కలో వ్రాసిన యంత్రములు కలవు. సెక్టారు సంఖ్యలు మాత్రము మారలేదు. 'ఆటో' స్థితిలో ఉన్న కొన్ని బయాస్‌లు ఆ పట్టికనే చూచి తల లెక్క తేల్చుకొనునట్టివి. అవి 16 అని చదివి, 16 అని నమ్మినవి. విండోస్ తన బూట్ సెక్టారులో 255 అని వ్రాసికొనియున్నది. పొసగలేదు. లినక్సు నిక్షేపముగా లేచెను; విండోస్ లేవలేదు.

యజమాని చూపులో లినక్సు తన విండోస్‌ను మ్రింగినది. లోపల ఒక్క ఫైలైనను పోలేదు! దిక్కుతోచక ఆ భాగమును ఫార్మాటు చేసినవానికి మాత్రము నిజముగనే పోవును. నిపుణులు చూపిన మార్గములు రెండు. బయాస్‌లో 'ఆటో' తీసి 'ఎల్.బి.ఎ.' అని పెట్టుట మొదటిది. చాలమందికి అంతమాత్రమే చాలినది. రెండవది, ఎస్ఎఫ్‌డిస్క్ అను ప్రోగ్రాముతో పట్టికను పాఠముగా దించి, 255 తలలని చెప్పి అదే పట్టికను తిరిగి వ్రాయించుట. తప్పు ఎవరిది? తమకు తెలియని అంకెను తెలిసినట్లు పట్టికలో వ్రాయుటయే అసలు దోషమని మా యభిప్రాయము. ఉన్న వరుసను ఉన్నట్లు విడిచిన, బయాస్ బొంకును బయాస్‌కే వదలినట్లుండెడిది.

భాగపు కుడి హద్దును జరుపుట తేలిక, ఎడమ హద్దును జరుపుట ప్రమాదము. ఎడమ హద్దు జరిగిన, లోపలి సరకంతయు ఆ మేరకు కదలవలెను; గంటలు పట్టును. నడుమ కరెంటు పోయిన, సగము పాతచోట, సగము కొత్తచోట నిలిచిపోవును. వేసవిలో మన యూళ్ళ కరెంటు సంగతి శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి పనికి యు.పి.ఎస్. గాని, నిండిన బ్యాటరీ గాని, అన్నింటికి మించి వేరొక డిస్కుపై నకలు గాని లేక పూనుకొనరాదు. పట్టిక మాత్రమే చెరిగిపోయినప్పుడు క్రిస్టాఫ్ గ్రెనియే వ్రాసిన టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రాము ఉపకరించును. అది డిస్కునంతను వెదకి, ఫైల్ సిస్టముల గుర్తులను బట్టి పాత హద్దులు ఎక్కడెక్కడ ఉండెనో ఊహించి చూపును. సర్వే రాయి పోయినచో తుమ్మచెట్టును బట్టి గట్టు పోల్చినట్లు.

విండోస్ విస్తా 2007లో ఇండ్లకు వచ్చినప్పుడు, భాగములను సిలిండరు హద్దులకు కాక, ఒక్కొక్క మెగాబైటు హద్దునకు పేర్చుట ప్రారంభించెను. పాత పనిముట్లకు ఇది తప్పుగా తోచినది. నాలుగువేల బైట్ల సెక్టార్లు గల కొత్త డిస్కులు వచ్చిన పిమ్మట ఆ పేర్పే ఉత్తమమని తేలినది.

సెక్టారు సంఖ్యకు పాత పట్టికలో కేటాయించినది 32 బిట్లు. అందువలన రెండు లక్షల ఇరువది వేల కోట్ల బైట్లకు పైబడిన డిస్కును అది కొలువజాలదు. జి.పి.టి. అను కొత్త పట్టికలో మూడంకెల కొలత లేనేలేదు. సామాన్యముగా 128 భాగములకు చోటు కలదు. అంకెలు చెడినచో పట్టుకొనుటకు సరిచూపు మొత్తము వ్రాసియుండును. అన్నిటికంటె మేలైనది, డిస్కు చివర పట్టికకు ఒక నకలు ఉండును. చిన్న డిస్కును పెద్దదానికి యథాతథముగా దించినప్పుడు ఆ నకలు నడిమధ్య పడిపోగా, పార్టెడ్ దానిని పసిగట్టి సరిచేయుదునా అని అడుగును. అవునన్న, నకలును నిజమైన చివరకు చేర్చును. అటుపిమ్మటనే ఖాళీ జాగా వాడుకకు వచ్చును. ఇంతయు మారినను, జి.పి.టి. డిస్కు మొదటి సెక్టారులో 1983 నాటి పట్టిక నేటికిని కూర్చుండియే యున్నది. అందు సాధారణముగా ఒకే వరుస: ఈ డిస్కంతయు వాడుకలో నున్నదని. కొత్త పట్టిక తెలియని పాత ప్రోగ్రామేదైనను వచ్చి, ఇది ఖాళీ బంజరు అనుకొని దున్నకుండుటకు.